ఫ్యాక్స్ అందుకోవడానికి యంత్రం అక్కర్లేదు, నంబరు కావాలి

(న్యూజెర్సీలో తెలుగు కుటుంబాల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాము. తడబాట్లు తప్ప మరేమీ తీసివేయలేదు.)

సభకు నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు మరొక్కసారి నమస్కారం, ఎందుకంటే ఈ రోజు నేను చెప్పబోయే విషయంలో ఎక్కువగా ఇబ్బంది పడుతున్నది మీరే. ఫోను మోగుతుంది. మీరు ఎత్తి "హలో" అంటారు. అవతలి నుంచి మాట రాదు. ఈల వేసినట్టు ఒక సన్నని శబ్దం వస్తుంది, ఆగుతుంది, మళ్లీ వస్తుంది. ఈ అనుభవం మీలో ఎంతమందికి ఉన్నదో ఒకసారి చేతులెత్తండి. చూశారా, సగానికి పైగానే ఉన్నారు.

ఆ శబ్దం ఒక ఫ్యాక్స్ యంత్రం చేసే పలకరింపు. 1100 హెర్ట్జ్ స్వరం అది. అర సెకను మోగుతుంది, మూడు సెకన్లు ఆగుతుంది, మళ్లీ మోగుతుంది. "నేను ఫ్యాక్స్‌ను, అటువైపు ఉన్నది కూడా ఫ్యాక్సేనా?" అని అడుగుతున్నదన్నమాట. దానికి కావలసిన జవాబు 2100 హెర్ట్జ్ స్వరం. మనం ఎన్నిసార్లు "హలో" అన్నా దానికి అది జవాబు కాదు. కాసేపు చూసి ఫోను పెట్టేస్తుంది. అటువైపు కార్యాలయంలో "వెళ్లలేదు" అని ఒక చీటీ వస్తుంది. మీకు రావలసిన కాగితం రాదు.

ఎందుకిలా జరిగింది? ఎక్కడో ఒక దరఖాస్తులో ఫ్యాక్స్ నంబరు అనే గడి కనిపించింది, ఖాళీగా వదిలితే తప్పేమోనని అందులో మన సెల్ నంబరు రాశాము. అంతే. ఇందులో మీ తప్పు లేదు. ఆ గడిలో ఏమి రాయాలో మనకెవరూ చెప్పలేదు. అది చెప్పడానికే నేను ఈ రోజు వచ్చాను.

నేను పన్నెండేళ్లపాటు ఒక చిన్నపిల్లల క్లినిక్‌లో రికార్డుల పని చూశాను. అక్కడ రోజు మొదలయ్యేది ఫ్యాక్స్ ట్రే ముందే. ల్యాబ్ రిపోర్టులు, రెఫరల్ చీటీలు, మందుల దుకాణం నుంచి రీఫిల్ కోసం అభ్యర్థనలు, బడుల నుంచి ఆరోగ్య పత్రాలు, అన్నీ ఫ్యాక్స్‌లోనే. ఇండియా నుంచి కొత్తగా వచ్చినవారు ఇది చూసి నివ్వెరపోతారు. ఇండియాలో వాట్సాప్‌లో స్కాన్ రిపోర్టు చూసుకున్నవాళ్లం, ఇక్కడికి వచ్చాక డాక్టరు గారి ఫ్రంట్ డెస్క్‌లో "మీ ఫ్యాక్స్ నంబరు చెప్పండి" అంటే ఏమని చెబుతాము?

ఒక కుటుంబం సంగతి చెబుతాను. ఒహాయో నుంచి ఇక్కడికి మారారు, ఇద్దరు పిల్లలు. బడిలో చేర్చాలంటే టీకాల రికార్డు కావాలి. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పిల్లలకు న్యూజెర్సీ 30 రోజుల గడువు ఇస్తుంది, ఆలోపు రికార్డు చూపించాలి. పాత క్లినిక్‌కు ఫోను చేస్తే, "ఫ్యాక్స్ నంబరు ఇస్తే ఈ రోజే పంపుతాము" అన్నారు. ఆ తండ్రికి ఫ్యాక్స్ లేదు. దగ్గరలో ఉన్న ఒక కాపీ దుకాణం నంబరు ఇచ్చాడు. వాళ్లు పంపారు. దుకాణంలో ఆ కాగితాలు వచ్చి, వేరొకరి కాగితాలతో కలిసిపోయి, మూడు రోజుల తరువాత దొరికాయి. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, ఇంటి చిరునామా, బీమా వివరాలు ఉన్న కాగితాలు మూడు రోజులు ఎవరి చేతుల్లో పడ్డాయో తెలియదు. ఆ తల్లి మా కౌంటరు దగ్గర నిలబడి కళ్లనీళ్లు పెట్టుకున్నది. అప్పటి నుంచి ఈ విషయం నలుగురికీ చెప్పాలని నాకు పట్టుదల.

ఈ దేశంలో వైద్యం ఇంకా ఫ్యాక్స్‌ను ఎందుకు వదలలేదు అని చాలామంది నన్ను అడుగుతారు. చట్టం అలా చెప్పిందనుకుంటారు. లేదు. రోగుల వివరాల గోప్యత కోసం 1996లో వచ్చిన హిపా చట్టం ఫ్యాక్స్ వాడమని ఎక్కడా చెప్పలేదు. తగిన జాగ్రత్తలు తీసుకుని వాడవచ్చని మాత్రమే అర్థం. అయితే ఒక కాగితం నుంచి మరొక కాగితానికి ఫోను లైను మీద వెళ్లే ఫ్యాక్స్‌ను ఆ చట్టం కింది ఎలక్ట్రానిక్ భద్రతా నియమాలు లెక్కలోకి తీసుకోవు. ఈమెయిల్ అయితే తీసుకుంటాయి. అదీగాక ఒక ఆసుపత్రి కంప్యూటరు మరొక ఆసుపత్రి కంప్యూటరుతో సరిగా మాట్లాడదు. ఎవరి సాఫ్ట్‌వేరు వారిది. ఫ్యాక్స్ మాత్రం అందరితోనూ మాట్లాడుతుంది. ఏ కంపెనీ యంత్రమైనా, కొన్ని దశాబ్దాల నాటిదైనా, అవతలి యంత్రం భాష దానికి తెలుసు.

ఆ భాష ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చెప్పనివ్వండి, ఇది నాకు ఇష్టమైన భాగం. ఫ్యాక్స్ టెలిఫోను కన్నా పాతదని మీలో ఎంతమందికి తెలుసు? స్కాట్లండ్‌కు చెందిన అలెగ్జాండర్ బెయిన్ అనే గడియారాల పనివాడు తంతి మీద బొమ్మను పంపే పద్ధతికి 1843లో పేటెంటు తీసుకున్నాడు. గ్రాహంబెల్ టెలిఫోనుకు పేటెంటు వచ్చింది 1876లో. అంటే 33 ఏళ్ల ముందే. 1865 నాటికి ఇటలీకి చెందిన జొవాన్నీ కసెల్లీ పారిస్, లియాన్ నగరాల మధ్య చేతిరాతను తంతిలో పంపే సేవను నడిపించాడు. ఆ తరువాత వందేళ్లకు, 1966లో, జిరాక్స్ కంపెనీ బల్ల మీద పెట్టుకునే ఫ్యాక్స్ యంత్రాన్ని తెచ్చింది. దాని బరువు 46 పౌండ్లు, ఒక్క పేజీ పంపడానికి ఆరు నిమిషాలు పట్టేది. 1980లో టెలిఫోను ప్రమాణాలు చూసే అంతర్జాతీయ సంస్థ గ్రూప్ త్రీ అనే ఫ్యాక్స్ ప్రమాణాన్ని నిర్ణయించింది. దానితో పేజీ ఒక నిమిషంలోపే వెళ్లడం మొదలైంది. ఈ రోజు మీ డాక్టరు గారి కార్యాలయంలో కూత పెట్టేది ఆ 1980 నాటి భాషే.

మన ఊళ్లలో ఆ భాష చేసిన మేలు కూడా మరిచిపోకూడదు. 1990ల్లో ఎస్టీడీ, ఐఎస్డీ, పీసీఓ అని రాసిన పసుపు బోర్డు కింద ఫ్యాక్స్, జిరాక్స్ అని కూడా ఉండేది గుర్తుందా? మండల విలేకరులు వార్తను తెల్లకాగితం మీద చేత్తో రాసి, ఆ బూతుకు వెళ్లి జిల్లా కేంద్రానికి ఫ్యాక్స్ చేసేవారు. అప్పటికి తెలుగు యూనికోడ్ ఎవరి కంప్యూటరులోనూ లేదు. ఫాంట్ల గొడవ ఇంతా అంతా కాదు. కానీ ఫ్యాక్స్‌కు అక్షరాలతో పని లేదు. అది పంపేది అక్షరాలను కాదు, బొమ్మను. వత్తులు, గుణింతాలు, కొట్టివేతలు, సంతకం, ఏది ఎలా రాస్తే అలా అవతల దిగేది. జపాన్‌లో ఫ్యాక్స్ అంతగా పాతుకుపోవడానికి కూడా చేతిరాతే ఒక పెద్ద కారణం. 2021లో అక్కడి మంత్రి తారో కోనో ప్రభుత్వ కార్యాలయాల్లో ఫ్యాక్స్‌ను మాన్పించాలని పూనుకుంటే, కార్యాలయాల నుంచే వందల అభ్యంతరాలు వచ్చాయి.

ఈ 'బొమ్మ' అన్న మాటను గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే యంత్రం లేకుండా ఫ్యాక్స్ ఎలా వస్తుందన్నది దానితోనే తెలుస్తుంది. పంపే యంత్రం మీ పేజీని సన్నని గీతలుగా కోస్తుంది. ఒక్కొక్క గీతలో 1728 చుక్కలు ఉంటాయి, ప్రతి చుక్కా నలుపో తెలుపో. ఇన్ని తెల్లచుక్కలు, ఆ తరువాత ఇన్ని నల్లచుక్కలు, మళ్లీ ఇన్ని తెల్లవి అని లెక్క పెట్టి, ఆ లెక్కను శబ్దంగా మార్చి ఫోనులో వినిపిస్తుంది. అవతలి యంత్రం విని, లెక్క ప్రకారం చుక్కలు పెడుతుంది. ఇప్పుడు చెప్పండి, వినేది యంత్రమే కావాలని ఏమున్నది? ఆ శబ్దాన్ని ఒక కంప్యూటరు వినలేదా? వినగలదు. ఆన్‌లైన్ ఫ్యాక్స్ అంటే ఇంతే. ఒక కంపెనీ తన దగ్గరున్న వేల ఫోను నంబర్లలో ఒకదాన్ని మీకు కేటాయిస్తుంది. ఆ నంబరుకు ఎవరైనా ఫ్యాక్స్ చేస్తే, కంపెనీ సర్వరు ఫోను ఎత్తి, 2100 హెర్ట్జ్ స్వరంతో జవాబిచ్చి, చుక్కల లెక్కంతా విని, బొమ్మను తయారుచేసి, పీడీఎఫ్‌గా మీ ఈమెయిలుకు పంపుతుంది. పంపినవారి యంత్రానికి తేడా తెలియదు. వారికి "అందింది" అని చీటీ వస్తుంది.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. ఊరూరా కచేరీలు చేస్తూ తిరిగే జేయ్ ముల్లర్ అనే జర్మన్ సంగీతకారుడు తన ఫ్యాక్స్‌లు, ఫోను సందేశాలు ఎక్కడున్నా ఈమెయిలులోకి రావాలని 1995లో జేఫ్యాక్స్ అనే కంపెనీ మొదలుపెట్టినవారిలో ఒకడు. తరువాత అది ఈఫ్యాక్స్‌తో కలిసింది. అంటే ముప్పై ఏళ్లుగా ఈ సౌకర్యం ఉన్నది, మనకు చెప్పినవారే తక్కువ.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. పంపడం వేరు, అందుకోవడం వేరు. మళ్లీ చెబుతాను, పంపడం వేరు, అందుకోవడం వేరు. పంపడానికి ఆ క్షణానికి ఒక దారి దొరికితే చాలు. ఫ్యాక్స్‌జీరో వంటి సేవలు కొన్ని పేజీలను ఉచితంగానే పంపుతాయి, పని అయిపోతుంది. అందుకోవడానికి మాత్రం ఒక నంబరు మీ పేర నిలబడి ఉండాలి. పగలు, రాత్రి, ఆదివారం, పండుగ రోజు, ఎప్పుడు ఎవరు పిలిచినా పలకాలి. అది మీ ఇంటి చిరునామా వంటిది. ఉత్తరం వేసేవారికి చిరునామా అక్కర్లేదు, ఉత్తరం రావలసినవారికి కావాలి. కాబట్టి ఏ సేవను ఎంచుకున్నా మీరు అడగవలసిన మొదటి ప్రశ్న "నెలకు ఎంత?" అన్నది కాదు. "ఈ నంబరు ఎంతకాలం నాది?" అన్నది.

ఇది ఎందుకంత ముఖ్యమో ఒక నిజమైన అవసరం ద్వారా చెబుతాను. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉంటూ అమెరికాలో చిన్న కంపెనీ రిజిస్టరు చేసుకునే మన పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. కంపెనీకి పన్ను నంబరు, అంటే ఈఐఎన్, కావాలి. ఇక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో నిమిషాల్లో వస్తుంది, కానీ దరఖాస్తు చేసే బాధ్యుడికి సోషల్ సెక్యూరిటీ నంబరో, అది రానివారికి పన్నుల కోసం ఇచ్చే ఐటిన్ నంబరో ఉంటేనే. ఆ రెండూ లేనివారికి ఆన్‌లైన్ దారి మూసి ఉంటుంది. ఎస్ఎస్-4 అనే ఫారం నింపి ఫ్యాక్స్ చేయాలి, లేదా పోస్టులో పంపాలి, లేదా విదేశీ దరఖాస్తుదారులకు కేటాయించిన నంబరుకు ఫోను చేయాలి. పోస్టులో అయితే దాదాపు 4 వారాలని ఐఆర్‌ఎస్ చెబుతుంది. ఫ్యాక్స్ చేసి, జవాబు కోసం ఫ్యాక్స్ నంబరు ఇస్తే 4 పనిదినాలని చెబుతుంది. రద్దీ ఉన్నప్పుడు అంతకు చాలా ఎక్కువే పడుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. బంజారాహిల్స్‌లో కూర్చున్న కుర్రవాడు ఒక ఆన్‌లైన్ ఫ్యాక్స్ సేవలో ఏడు రోజుల ఉచిత ట్రయల్ తీసుకుంటాడు. అమెరికా నంబరు వస్తుంది. ఫారం పంపుతాడు. ఏడో రోజు ట్రయల్ రద్దు చేసుకుంటాడు, డబ్బు పోకూడదని. పదిహేనో రోజు ఐఆర్‌ఎస్ జవాబు పంపుతుంది. ఎక్కడికి పోతుంది? తన చేతిలో లేని నంబరుకు పోతుంది. అదృష్టం బాగుంటే ఎవరూ పలకరు. బాగాలేకపోతే ఆ నంబరు అప్పటికే వేరొకరికి ఇచ్చి ఉంటారు, కంపెనీ పేరు, చిరునామా, పన్ను నంబరు ఉన్న కాగితం ఆ మనిషి ఈమెయిలులో పడుతుంది. అందుకని జవాబు చేతికి వచ్చేదాకా, వచ్చాక కూడా ఇంకొక నెల, ఆ నంబరును ఉంచుకోండి. ఆ కొద్దిపాటి డబ్బు దగ్గర వెనుకాడకండి.

ఇందులో రెండో వైపు కూడా ఉన్నది. మీకు కొత్తగా వచ్చిన నంబరు నిన్నటిదాకా ఇంకొకరిది కావచ్చు. మొదటి వారంలోనే ఎవరివో ల్యాబ్ ఫలితాలు మీకు రావచ్చు. నా దగ్గరకు అలా వచ్చినవారు ఉన్నారు. అప్పుడేమి చేయాలి? చదవకండి. పైన పంపినవారి నంబరు ఉంటుంది, వారికి ఫోను చేసి "మీరు పంపాలనుకున్నవారిది కాదు ఇప్పుడు ఈ నంబరు" అని చెప్పి, ఆ ఫైలును చెరిపివేయండి. ఆ రెండు నిమిషాల శ్రమ వల్ల ఎవరో ఒక రోగికి రావలసిన ఫలితం సరైన చోటికి చేరుతుంది.

ఉచిత నంబర్ల గురించి ఎక్కువ చెప్పను. కొన్ని ఉన్నాయి. అవి సాధారణంగా నెలకు కొన్ని పేజీలే ఇస్తాయి, మీ ఊరి ఏరియా కోడ్ ఇవ్వవు, కొంతకాలం వాడకపోతే నంబరు వెనక్కి తీసుకుంటాయి. ఒక్కసారి ఒక్క కాగితం కోసం అయితే సరే. గుండె జబ్బు ఉన్న నాన్నగారి వైద్యానికి అదే నంబరు ఇస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను. గూగుల్ వాయిస్ నంబరు ఇవ్వవచ్చా అని కూడా అడుగుతుంటారు. అది ఫ్యాక్స్ తీసుకోదు.

వెనుక నుంచి ఒక చెల్లెమ్మ అడుగుతున్నది, "మా ఇంట్లో ప్రింటరులోనే ఫ్యాక్స్ ఉన్నది కదా, ఇంటర్నెట్ ఫోను లైనుకు తగిలించాము, పేజీ సగంలో ఆగిపోతుంది, ఎందుకు?" అని. మంచి ప్రశ్న అమ్మా. ఇంటర్నెట్ ఫోను మాటను చిన్నచిన్న పొట్లాలుగా కట్టి పంపుతుంది. మాటలో ఒక పొట్లం పోయినా మన చెవి సర్దుకుంటుంది. ఫ్యాక్స్ సర్దుకోలేదు, దానికి చుక్కల లెక్క తప్పుతుంది. ఈ చిక్కు తీర్చడానికే 1998లో టీ.38 అనే ప్రమాణం తెచ్చారు, కానీ దారిలో ఉన్న ప్రతి కంపెనీ దాన్ని సరిగా అమలు చేస్తేనే ఫలితం. పాత రాగి తీగల లైన్లు ఒక్కొక్కటిగా పోతున్నాయి. కాబట్టి ఇంటి యంత్రంతో కుస్తీ పట్టేకన్నా, ఆ పని మీదే ఉన్న సర్వరుకు అప్పగించడం మేలు.

యంత్రానికి మరొక లోటు ఉన్నది, దాని పక్కన మనిషి ఉండాలి. 2018 నవంబరు 21న జమ్మూ కశ్మీర్‌లో ప్రభుత్వం ఏర్పాటు చేస్తామంటూ మాజీ ముఖ్యమంత్రి మెహబూబా ముఫ్తీ గవర్నరుకు లేఖ ఫ్యాక్స్ చేయబోతే వెళ్లలేదు. ఆ రోజు సెలవు, యంత్రం దగ్గర ఎవరూ లేరని గవర్నరు సత్యపాల్ మలిక్ తరువాత చెప్పారు. ఆ రాత్రే శాసనసభ రద్దయింది. రాజకీయం మన చర్చ కాదు. కాగితం వచ్చే చోట మనిషి లేకపోతే ఎంత దాకా పోవచ్చో చూడండి.

ఇక గోప్యత. క్లినిక్ నడిపేవారు ఇక్కడ ముగ్గురు నలుగురు ఉన్నారు, మీకు వేరే లెక్క. రోగుల కాగితాలు మీ తరఫున అందుకునే కంపెనీ హిపా కింద మీతో లిఖిత ఒప్పందం, బిజినెస్ అసోసియేట్ అగ్రిమెంట్, చేసుకోవాలి. అది చేయని సేవను, ఎంత చవకైనా, తాకకండి. ఇంట్లో వాడుకునేవారికి ఆ చట్టపు బాధ్యత లేదు, మీ కాగితం మీ ఇష్టం. కానీ పీడీఎఫ్ మీ ఈమెయిలుకు వస్తుంది కనుక ఆ ఈమెయిలుకు రెండంచెల తాళం పెట్టుకోండి. కంపెనీ సర్వరులో మిగిలిన ప్రతిని దించుకున్న వెంటనే చెరిపివేయండి. స్పామ్ ఫోల్డరు కూడా చూడండి, చాలా ఫ్యాక్స్‌లు అక్కడే పడి ఉంటాయి.

ఇంకొక మాట, దయచేసి రాసుకోండి. మీ వైద్య రికార్డులను ఫ్యాక్స్‌లోనే తీసుకోవాలని లేదు. మీ రికార్డు అడిగే హక్కు హిపా మీకు ఇచ్చింది. ఈమెయిలులో కావాలని రాసి అడగవచ్చు, వారికి సాధ్యమైన రూపమైతే ఆ రూపంలోనే ఇవ్వాలి, 30 రోజుల్లో ఇవ్వాలి. భద్రత లేని ఈమెయిలులో ఉండే ప్రమాదం గురించి మిమ్మల్ని హెచ్చరిస్తారు, "తెలిసే అడుగుతున్నాను" అంటే పంపాలి. ముందు అది అడగండి. బడికి రేపే కావాలి, ఫ్రంట్ డెస్క్‌లో ఉన్నవారికి చేతనైంది ఫ్యాక్స్ ఒక్కటే అన్నప్పుడు మీ నంబరు పనికి వస్తుంది.

నంబరు వచ్చిన రోజే ఒక పరీక్ష చేసుకోండి. ఎక్కడి నుంచైనా ఒక్క పేజీ మీకు మీరే పంపుకోండి. మీ నంబరును ఒకరికి చెప్పేటప్పుడు వారి చేత తిరిగి చదివించండి. ఒక్క అంకె తప్పితే మీ రిపోర్టు ఊరు మారిపోతుంది. పంపేవారిని కవర్ షీట్, అంటే అన్నిటికన్నా ముందు వెళ్లే పేజీ, మీద మీ పూర్తి పేరు రాయమనండి. ఇండియాలో ఉన్నవారైనా అమెరికా నంబరే తీసుకోండి, ఇక్కడి చాలా కార్యాలయాల యంత్రాల నుంచి విదేశాలకు కాల్ వెళ్లదు.

నేను మాట్లాడటం మొదలుపెట్టేముందు మా అమ్మాయిని దగ్గరలోని దుకాణానికి పంపాను, ఒక కాగితం మీద చేత్తో తెలుగులో రాసి ఇచ్చి. ఇదిగో, ఇప్పుడే నా ఫోనుకు ఈమెయిలు వచ్చింది. తెర మీద పెడుతున్నాను, వెనుకవారికి కనిపిస్తున్నదా? "సభకు వచ్చినవారందరికీ నమస్కారం" అని నేను రాసింది, నా చేతిరాతే, కొంచెం చుక్కలు చుక్కలుగా ఉన్నది. ఇప్పుడు రాతను కాదు, పేజీ పై అంచున ఉన్న సన్నని వరుసను చూడండి. తేదీ, సమయం, పంపిన నంబరు, ఒకటిలో ఒకటో పేజీ. ప్రతి ఫ్యాక్స్ మీద తేదీ, సమయం, పంపినవారి గుర్తింపు ఉండాలని ఈ దేశంలో 1991 నాటి చట్టం చెబుతున్నది. మీకు ఏ ఫ్యాక్స్ వచ్చినా ముందు ఆ వరుసే చదవండి. ఐదు పేజీలని ఉండి మీకు నాలుగే వస్తే, వెంటనే ఫోను చేసి మళ్లీ పంపమనండి.

సమయం ఉన్నవారు ఉండండి. ఫోనులు తెచ్చుకున్న పెద్దలకు ఒక్కొక్కరికీ పక్కన కూర్చుని నంబరు తీసుకోవడం చూపిస్తాను. ముందు వరుసతోనే మొదలుపెడదాము.